పక్షం ఉన్న సాక్షిని చదవడం ఎలా

విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఒక పాత పుస్తకాల షాపులో కొన్న పుస్తకం నా దగ్గర ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఒక కార్యకర్త జ్ఞాపకాలు. అట్ట ఊడిపోయింది, మొదటి పదహారు పేజీలు లేవు, కాబట్టి రాసినవారి పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మార్జిన్లలో మాత్రం ఇద్దరు పాఠకులు పోట్లాడుకున్నారు. ఒక పేరా పక్కన నీలం సిరాతో "అబద్ధం" అని ఉంది. దాని కింద పెన్సిలుతో, వేరే చేతిరాతలో, "తమరు అక్కడ ఉన్నారా?" అని ఉంది. నలభై పేజీలు దాటాక నీలం సిరా మళ్ళీ కనిపిస్తుంది. ఈసారి ఒక వాక్యం కింద గీత గీసి, "ఇది నిజమే. మా ఊరి సంగతి" అని రాశారు.

అంతర్యుద్ధంలో ఒక పక్షాన నిలబడి, కళ్ళారా చూసి రాసిన పుస్తకాన్ని ఎలా చదవాలని ఎవరైనా అడిగితే ముందు ఆ రెండు పేజీలు చూపిస్తాను. ఆ నీలం సిరా మనిషి పుస్తకాన్ని విసిరికొట్టలేదు, నెత్తిన పెట్టుకోలేదు. పేరా పేరాకూ తగువు తీర్చుకుంటూ పోయాడు.

నాకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది. ఇరవై ఏళ్ళ వయసులో, స్పెయిన్ అంతర్యుద్ధం మీద జార్జ్ ఆర్వెల్ రాసిన 'హోమేజ్ టు కాటలోనియా' చదివి స్పెయిన్ గురించి అంతా తెలిసిపోయిందనుకున్నాను. కొన్నేళ్ళకు ఒక పెద్దాయన, ఆర్వెల్ చూసింది యుద్ధంలో ఒక మూల మాత్రమే కదా అనేసరికి, అయితే అదంతా ఏకపక్షమేనని పక్కన పెట్టేశాను. ఆ మాట ఆర్వెలే పుస్తకం చివర్లో రాసుకున్నాడు. తన పక్షపాతాన్నీ, వివరాల్లో దొర్లిన తప్పులనూ, ఒక మూల నుంచి చూడటం వల్ల వచ్చే వంకరనూ కనిపెట్టుకుని ఉండమని పాఠకుడినే హెచ్చరించాడు. నేను ఆ పేజీ గబగబా తిప్పేశాను.

ఇక పనిలోకి దిగుదాం. కావలసినవి ఒక పెన్సిలు, ఒక తెల్ల కాగితం, పుస్తకం మీ సొంతమై ఉండటం. గ్రంథాలయం పుస్తకమైతే గుర్తులన్నీ కాగితం మీదే పెట్టండి.

ముందు లోపలి అట్ట మీద నాలుగు జవాబులు

మొదటి అధ్యాయం తెరవకముందే నాలుగు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకోండి. రాసింది ఎవరు, ఏ సంస్థ మనిషి? ఎక్కడెక్కడ ఉన్నాడు? ఎంత కాలం ఉన్నాడు? ఎప్పుడు రాశాడు?

ఆర్వెల్‌కి ఇలా వస్తాయి. బీహార్‌లోని మోతీహారిలో పుట్టి, బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి మానేసిన ఇంగ్లీషు సోషలిస్టు. బ్రిటన్‌లోని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పరిచయంతో వెళ్ళాడు కాబట్టి, స్పెయిన్‌లో పౌమ్ అనే చిన్న మార్క్సిస్టు పార్టీ దళంలో చేరాడు. ఆ పార్టీకి స్టాలిన్ అంటే పడదు. ఉన్నది అరగాన్ ఫ్రంట్‌లో, బార్సెలోనాలో. మాడ్రిడ్ ముఖం చూడలేదు. 1936 డిసెంబరు చివర వెళ్ళి 1937 జూన్‌లో తప్పించుకు వచ్చాడు, అంటే ఆరు నెలలు. పుస్తకం 1938 ఏప్రిల్‌లో వచ్చింది. యుద్ధం ముగిసింది 1939 ఏప్రిల్ 1న.

నాలుగో జవాబు దగ్గర కాసేపు ఆగండి. పుస్తకం రాసేటప్పటికి ఆర్వెల్‌కి, ప్రభుత్వం మీద తిరగబడిన సైన్యానికి నాయకుడైన ఫ్రాంకో గెలుస్తాడని తెలియదు. ఆయన తోటివాళ్ళు కొందరు ఇంకా జైల్లో ఉన్నారు. పౌమ్ నాయకుడు ఆంద్రెయు నిన్‌ను అరెస్టు చేసి చంపేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ పుస్తకంలోని కోపం అక్కడిది.

మన దగ్గరికి రండి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన పెద్ద గ్రంథం 1972 నాటిది. రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు కూడా దాదాపు అప్పటివే. పోరాటం 1951 అక్టోబరులో విరమించారు, కమ్యూనిస్టు పార్టీ 1964లో చీలింది. ఇద్దరూ ఒకే పోరాటానికి నాయకులు, రాసేనాటికి మాత్రం చెరొక పార్టీలో ఉన్నారు. భారత సైన్యం 1948 సెప్టెంబరులో హైదరాబాదులోకి వచ్చాక కూడా తుపాకులు దించకపోవడం సరైనదేనా అన్న ప్రశ్నకు ఒకరిది ఔను, మరొకరిది కాదు. ఆ జవాబుల్లో 1948 ఎంత, 1964 ఎంత అన్నది చదువుతూ మీరు తేల్చుకోవలసిన లెక్క. రచన తేదీ చూడకుండా చదివితే ఆ లెక్క ఉందనే తెలియదు.

పేర్ల పట్టిక

స్పెయిన్ పుస్తకాల్లో పార్టీల పొట్టి పేర్లు తల తిరిగేలా చేస్తాయి. పౌమ్, సిఎన్‌టి, యుజిటి, పిఎస్‌యుసి. ఒక కాగితం మీద పేరు, ఎవరి పార్టీ, ఎవరితో స్నేహం, ఎవరితో వైరం రాసి పుస్తకంలోనే పెట్టుకోండి. పదిహేను నిమిషాల పని. తెలంగాణ పుస్తకాలకైతే సంఘం, దళం, దేశ్‌ముఖ్, వెట్టి, రజాకార్, గుత్ప వంటి మాటలకు చిన్న పట్టిక చాలు. పల్లెల్లో 'సంఘం' అంటే ఆంధ్ర మహాసభ అని తెలియక నేను సగం పుస్తకం దాకా ఏదో సహకార సంఘం అనుకున్నాను.

అదే కాగితం వెనకవైపు, ఘటనలను రచయిత ఏ పేరుతో పిలుస్తున్నాడో రాయండి. 1948 సెప్టెంబరు 17 ఒకరికి విమోచన, మరొకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. సైన్యాన్ని పంపి చేసిన పనికి ప్రభుత్వం పెట్టిన పేరు 'పోలీసు చర్య'. స్పెయిన్‌లో ఫ్రాంకో మనుషులు తమను జాతీయవాదులు అనుకున్నారు, అవతలివాళ్ళు వాళ్ళను ఫాసిస్టులన్నారు. ఆ పుస్తకం రాసినవారు ఏ మాట వాడారో చూస్తే, ముందుమాట చదవకముందే ఆయన ఎక్కడ కూర్చుని రాశారో తెలిసిపోతుంది. అసలు తెలంగాణది అంతర్యుద్ధమా, రైతాంగ తిరుగుబాటా అన్నదీ ఇలాంటి తగువే. నేను ఈ పుస్తకాలను ఒకే అరలో పెడతాను, ఎందుకంటే పక్క ఊరివాడు పక్క ఊరివాడిని చంపిన సంగతులు వాటన్నిటిలో ఉన్నాయి.

చూ, వి, తే

అసలు పని ఇది. ప్రతి పేరా పక్కన మూడింటిలో ఒక అక్షరం వేయండి. రచయిత చూసినదైతే 'చూ', విన్నదైతే 'వి', తానే తేల్చి చెప్పిందైతే 'తే'.

ఒక ఉదాహరణ. 1937 మే 3న బార్సెలోనాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి దగ్గర గొడవ మొదలైంది. అరాచకవాదుల, అంటే అసలు ప్రభుత్వమే వద్దనేవాళ్ళ, చేతిలో ఉన్న ఆ భవనంలోకి ప్రభుత్వ గార్డులు వెళ్ళారు. ఫ్రాంకోతో కలిసి పోరాడవలసినవాళ్ళు కొన్ని రోజులపాటు వీధుల్లో తమలో తాము కాల్చుకున్నారు. ఆర్వెల్ అప్పుడు ఆ నగరంలోనే ఉన్నాడు. ఎక్స్ఛేంజిలో ఏం జరిగిందో ఆయన రాసిన చోట 'వి' వేయాలి, ఎందుకంటే ఆయన అక్కడ లేడు. రాంబ్లాస్ వీధిలో నడుస్తుండగా వెనక నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది అన్న చోట 'చూ'. చెవితో విన్నది కదా అంటారేమో, తన చెవితో విన్నదీ 'చూ'లోకే వస్తుంది. 'వి' అంటే ఇంకొకరి నోటి నుంచి వచ్చింది. ఆ తర్వాత ఒక సినిమా హాలు పైకప్పు మీద మూడు రోజులు కాపలా కాశాడు. ఎదురుగా ఒక కాఫీ హోటల్లో గార్డులు, ఇటు వీళ్ళు, పెద్దగా ఎవరూ ఎవరినీ కాల్చలేదు. ఆయన పెంగ్విన్ పుస్తకాలు చదువుకుంటూ గడిపాడు. ఇదంతా 'చూ'. చనిపోయినవారు 400, గాయపడినవారు 1000 అన్న అంకెల దగ్గర 'వి'. 400 కాస్త ఎక్కువ చెప్పినట్టుందని, సరిచూసే దారి లేక ఒప్పుకోవలసి వస్తోందని ఆయనే అన్నాడు. ఇక తప్పు ఎవరిది, ముందే పన్నిన కుట్రా కాదా అన్న వాదన మొత్తం 'తే'.

ఇలా గుర్తులు వేశాక ఆ అధ్యాయాన్ని దూరం నుంచి చూడండి. 'చూ' ఉన్న భాగం ఎంత చిన్నదో! కానీ ఆకలి, విసుగు, పైకప్పు మీద కూర్చుని ఎందుకు కూర్చున్నామో తెలియని స్థితి, ఇవి మరే చరిత్ర పుస్తకంలోనూ దొరకవు. 'తే' భాగాన్ని తర్వాతి చరిత్రకారులతో పోల్చి దిద్దుకోవచ్చు. ఆ 'చూ' కోసమే ఆర్వెల్ దగ్గరికి వెళ్ళాలి.

విన్నదో చూసిందో తేలని చోట మనకు తెలుగులో ఒక సౌకర్యం ఉంది. వాక్యం చివర 'అట' తగిలించి చూడండి. "తెల్లవారుజామున రజాకార్లు ఊరి మీద పడ్డారు" అన్న వాక్యాన్ని "పడ్డారట" అని చదవండి. ఏమీ తేడా రాకపోతే అది విన్నది. "పడ్డారు, నేను గడ్డివాములో దూరాను, ఎండుగడ్డి గుచ్చుకుంటున్నా కదల్లేదు" అన్న చోట 'అట' ఇమడదు. ఇంట్లో మన అమ్మమ్మలు కథ చెప్పేటప్పుడు ఈ 'అట'ను ఎంత జాగ్రత్తగా వాడతారో, రాజకీయ జ్ఞాపకాలు రాసేవాళ్ళు అంత ధారాళంగా వదిలేస్తారు. 'అట' ఉంటే వాదం బలహీనపడుతుందని కాబోలు. ఇంగ్లీషు పుస్తకాలకు ఈ పరీక్ష మరీ పనికివస్తుంది, మనసులో తెలుగు చేసుకుంటూ చదివితే చాలు.

అలాగే 'నేను', 'మేము', 'మనం' ఎక్కడ మారుతున్నాయో కనిపెట్టండి. "నేను వెళ్ళాను" అనేవాడు సాక్షి. "మేము తీర్మానించాము" అన్నప్పుడు సంస్థ మాట్లాడుతోంది. "మనం గుర్తుంచుకోవలసింది" అన్న క్షణంలో మిమ్మల్ని కూడా సభ్యత్వంలో చేర్చేసుకున్నారు. ఇంకొక మెట్టు పైకెక్కితే "ప్రజలు నిర్ణయించారు" అని వస్తుంది. అక్కడ పెన్సిలు మొన విరిగేంత గట్టిగా ఒక ప్రశ్నార్థకం వేయండి.

చివరిది, 'జరిగింది'. "ఆ ద్రోహిని శిక్షించడం జరిగింది" అన్న వాక్యంలో శిక్షించినవాడు కనిపించడు, ఆ మనిషి ద్రోహి అని ఎవరు తేల్చారో కనిపించదు, శిక్ష ఏమిటో కనిపించదు. అంతర్యుద్ధపు పుస్తకాల్లో అతి భయంకరమైన సంగతులు ఈ వ్యాకరణం వెనకే దాక్కుంటాయి. శత్రువు చేసినవాటికి మామూలుగా కర్త ఉంటాడు, "పోలీసులు కాల్చి చంపారు" అని. తమవాళ్ళు చేసినవే 'జరుగుతాయి'. ఒక అధ్యాయంలో ఈ రెండు రకాల వాక్యాలనూ లెక్కపెట్టి చూడండి.

తన పక్షానికి ఎదురు తిరిగిన వాక్యం

పుస్తకంలో ఎక్కడో ఒకచోట రచయిత తనకు ఇబ్బంది కలిగించే సంగతి చెబుతాడు. దాని చుట్టూ డబ్బా గీయండి. అది దొరకని పుస్తకాన్ని నేను కరపత్రాల కట్టలో పెడతాను.

ఫ్రెంచి రచయిత జార్జ్ బెర్నానోస్ క్యాథలిక్కు, రాచరికవాది. యుద్ధం మొదలైనప్పుడు మయోర్కా ద్వీపంలో ఉన్నాడు, తిరుగుబాటు సైన్యం మీద సానుభూతితోనే ఉన్నాడు. కొడుకు ఫలాంజ్ అనే ఫాసిస్టు పార్టీలో చేరాడు. తీరా ఆ ద్వీపంలో తనవాళ్ళు చేసిన హత్యలు చూసి, 1938లో వాళ్ళ మీదే పుస్తకం రాశాడు. అది చదివి ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వే ఆయనకు ఉత్తరం రాసింది. ఆమె అవతలి పక్షం, 1936లో అరాచకవాదుల దురుతి దళంలో చేరి, మరుగుతున్న నూనెలో కాలు పెట్టి గాయపడి తిరిగి వచ్చిన మనిషి. పదిహేనేళ్ళ ఫలాంజ్ కుర్రవాడిని పట్టుకున్న సంగతి ఆ ఉత్తరంలో ఉంది. దళనాయకుడు దురుతి అతనికి ఒక రోజు గడువు ఇచ్చాడు, తమతో చేరడమా చావడమా తేల్చుకోమని. కుర్రవాడు చేరనన్నాడు, కాల్చేశారు. తాను అక్కడ లేనని, తర్వాతే తెలిసిందని ఆమె దాచలేదు. అయినా ఆ చావు తన మనసును వదలడం లేదని రాసింది. 'వి' అని రాయవలసిన చోట ఆమె తానే 'వి' రాసుకుంది. ఇద్దరు సాక్షులు, రెండు పక్షాలు, ఇద్దరూ తమ పక్షం మీదే సాక్ష్యం చెప్పారు. ఈ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవండి.

ఎవరు అచ్చు వేశారు, ఏ ముద్రణ

రచయిత ఆర్థర్ కోస్లర్‌ను 1937 ఫిబ్రవరిలో మాలగాలో ఫ్రాంకో మనుషులు పట్టుకున్నారు. ఏ రోజు కాల్చేస్తారో తెలియకుండా సెవిల్ జైల్లో గడిపి, ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. అదే ఏడాది 'స్పానిష్ టెస్టమెంట్' వచ్చింది. అందులో సగం ప్రచారం, సగం జైలు. పాఠకులకు ఆయన ఒక లిబరల్ పత్రిక విలేఖరి మాత్రమే. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడన్న సంగతి పుస్తకంలో లేదు. పార్టీ వదిలేశాక, జైలు భాగాన్ని మాత్రమే విడదీసి 'డైలాగ్ విత్ డెత్' పేరుతో వేశాడు. కాబట్టి మీ చేతిలో ఏది ఉందో చూసుకోండి. మొదటిది దొరికితే మొదటి సగం వదలకండి, నిజమైన అనుభవం ఉన్న మనిషి కూడా ఆర్డరు మీద ఎలా రాస్తాడో అక్కడ తెలుస్తుంది.

ఆ పుస్తకాన్ని వేసిన ప్రచురణకర్త గొలాంజే ఆర్వెల్ పుస్తకాన్ని మాత్రం వేయనన్నాడు. వేరే సంస్థ 1500 ప్రతులు వేస్తే ఆర్వెల్ 1950లో చనిపోయేనాటికి అవి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. ఈ పుస్తకంలోనూ ముద్రణల తేడా ఉంది. పార్టీ తగాదాల మీద రాసిన రెండు అధ్యాయాలను చివరికి మార్చాలని ఆర్వెల్ కోరాడు, అది 1986 ముద్రణలో నెరవేరింది. 14 అధ్యాయాలుంటే పాతది, 12 అధ్యాయాలూ రెండు అనుబంధాలూ ఉంటే కొత్తది. మొదటిసారి చదివేవాళ్ళకు కొత్తదే సుఖం. గుంటూరు ప్యాసింజరులో చదివేవాళ్ళకైతే మరీను, కృష్ణా కెనాల్ దాటి నంబూరు వచ్చేలోగా పొట్టి పేర్ల అడవిలో దారి తప్పరు.

ఇంకొక చిన్న సంగతి. చేతిరాత ప్రతిని అచ్చుకు ముందు ఎవరు చూశారో ముందుమాటలో వెతకండి. అమెరికన్ విలేఖరి ఎడ్గార్ స్నో 1936లో చైనా కమ్యూనిస్టు నాయకుడు మావోతో మాట్లాడి రాసుకున్నదాన్ని తిరిగి చైనా భాషలోకి మార్చి మావోకు చూపించి సరిచేయించారు. పుస్తకం విలువ దానివల్ల పోదు, కానీ మావో జీవితకథ చదువుతున్నప్పుడు అది మావో ఒప్పుకున్న ప్రతి అని గుర్తుండాలి.

రెండో సాక్షి, తర్వాత లేనివాళ్ళు

ఒక పుస్తకం పూర్తయ్యాక వారం ఆగి, అదే ఘటన మీద మరో పుస్తకం తీయండి. వెంటనే బద్ధశత్రువు దగ్గరికి వెళ్ళవద్దు, ముందు పక్కింటివాడి దగ్గరికి వెళ్ళండి. సుందరయ్య తర్వాత రావి నారాయణరెడ్డి. ఆ తర్వాత దేవులపల్లి వెంకటేశ్వరరావు. ఆయన దృష్టిలో విరమణే తప్పు. ముగ్గురూ ఎర్రజెండా కిందివాళ్ళే, ముగ్గురికీ మూడు పోరాటాలు. అది అర్థమయ్యాక నిజాం చివరి ప్రధాని లాయక్ అలీ రాసిందీ, భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాదులో ఉన్న మున్షీ రాసిందీ చదవండి. ఈ వరసలో చదివితే ప్రతి అంకె దగ్గరా చెయ్యి దానంతట అదే ఆగుతుంది. సుందరయ్య పుస్తకంలో 4000 మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు చనిపోయారని ఉంటుంది. అది పార్టీ తన మృతులను లెక్కపెట్టిన అంకె. పార్టీ చేతిలో చనిపోయినవారు ఆ లెక్కలోకి రారు.

కాగితం మీద చివరి అంశం, పుస్తకంలో కనబడనివాళ్ళు. వంట చేసినవాళ్ళు, వార్తలు మోసినవాళ్ళు, పొలం పోగొట్టుకున్న చిన్న భూస్వామి భార్య. తెలంగాణ విషయంలో ఆ ఖాళీలో కొంత స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పూరించింది. అడవిలో ఉండగా బిడ్డను ఇచ్చేయవలసి వచ్చిన తల్లి అందులో మాట్లాడుతుంది. పోరాటం ముగిశాక ఇళ్ళకు వెళ్ళండని చెబితే ఎలా ఉందో మరికొందరు చెబుతారు. నాయకుల పుస్తకాలు చదివాక ఇది చదవండి, ముందు చదివితే నాయకుల మీద అనవసరంగా కోపం వస్తుంది. సైన్యం వచ్చిన తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. దాన్నీ మీ జాబితాలో చేర్చండి.

ఈ ఖాళీలు మనకు కొత్త కావు. పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్ళు దాటినా కారెంపూడిలో ఏటా వీరుల పూజ జరుగుతుంది, వీరవిద్యావంతులు కథ పాడతారు. బ్రహ్మనాయుడి పక్షం కథ అది. నాగమ్మ పక్షాన పాడేవాళ్ళను నేను వినలేదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, తెలుగువి ఏలూరు రోడ్డు షాపుల్లో అడగండి, లేకపోతే జనవరి పుస్తక మహోత్సవం దాకా ఆగండి. ఇంగ్లీషువి పాత పుస్తకాల షాపుల్లో తగులుతాయి. మార్జిన్లలో రాతలున్న ప్రతి దొరికితే బేరం ఆడకుండా తీసుకోండి.

లెనిన్ సెంటర్ పుస్తకంలో నా గుర్తులు ఎర్ర పెన్సిలుతో ఉన్నాయి. "అబద్ధం", "తమరు అక్కడ ఉన్నారా?" అన్న రాతల కింద 'వి' అని వేశాను. ఆ కార్యకర్త కల్పించి రాయలేదు, ఎవరో చెప్పింది రాశాడు, 'అట' వదిలేశాడు. ఆ ప్రతి ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక మిత్రుడి దగ్గర ఉంది. తిరిగి ఇమ్మని మొన్న ఫోను చేస్తే, ఆకుపచ్చ పెన్సిలు కొన్నాను, సగంలో ఉన్నాను, ఆగమన్నాడు.